హమూద్ ఇంటి తాళం

అరబ్బు దేశంలో, నిజ్వా కోట వెనక వీధిలో కాపురముంటున్న పరాయి దేశపు ఆడవాళ్లందరూ నమ్మే సంగతి ఒకటుంది: ఆ వీధిలోనే ఉండే ఊరాయన హమూద్ ప్రతిరోజూ, పొద్దు వాలే ముందు చేసే అసర్ నమాజు వేళకు భార్యను లోపల పెట్టి, తాళం వేసుకుని పోతాడు.

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మొదటి వారంలోనే లిగయా ఆ మాట విన్నది, చేపల పులుసులోకి చింతపండు పిసుకుతూ. చెప్పింది రెమీ అక్క. ఆమె భర్తా, లిగయా భర్త దిండో ఒకే ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేస్తారు.

"చెవులారా విన్నానే! టక్కుమని ఇనుప చప్పుడు, ఆ వెంటనే ఆయన చేతికర్ర చప్పుడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యేదాకా ఆ వీధి తలుపు తెరిస్తే ఒట్టు. ఇక్కడింతే తల్లీ. నువ్వు మాత్రం ఆ గడప తొక్కకు."

"తాళంచెవి చూశావా అక్కా?"

"చూడాలా ఏంటి, వినబడుతుంటే!"

లిగయా తన ఊళ్లో పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పిన మనిషి. చెవిన పడింది చప్పుడు మాత్రమేననీ, తాళం రెమీ అక్క కలిపిందనీ ఆమెకు తోచింది. కానీ కొత్త దేశం. వాదన పెట్టుకోవడం ఎందుకని ఊరుకుంది.

నిజానికి ఊరు ఆమెకు నచ్చింది. ఖర్జూరపు తోటల్లో పారే కాలవ నచ్చింది, పొడుగు చేతుల గౌను అలవాటైంది. దుకాణంలో ముసలాయన ముఖం చూడకుండా చిల్లర బల్ల మీద పెడితే మొదట చిన్నబుచ్చుకుంది గానీ, అది ఆయన పాటించే మర్యాద అని తెలిశాక తనూ అలాగే తల వంచి తీసుకునేది. ఇబ్బందంతా ఇంటితోనే వచ్చింది. ఆమె వీసా మీద ఉద్యోగం చేయరాదన్న ముద్ర ఉంది. బాలికల బడివాళ్లు పెట్టే పరీక్ష నెగ్గితే ఆ ముద్ర మారుతుంది. ఆ మాట చెప్పినప్పుడు దిండో ఎంతో ఉదారంగా, "రాయి, ఎవరొద్దన్నారు? కాస్త టీ పెట్టి రాయి," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. డ్యూటీ దిగి మధ్యాహ్నానికే ఇల్లు చేరతాడు, చేరిన దగ్గర్నుంచీ మేజోళ్లు ఎక్కడున్నాయో, చల్లటి నీళ్లు ఎక్కడున్నాయో ఆమెనే అడుగుతాడు. చెప్పాపెట్టకుండా స్నేహితులను భోజనానికి తెచ్చి, ఆమె చేతిలో అన్నం గిన్నె ఉండగానే, "మా ఆవిడకేం, ఇక్కడ పనీపాటా లేదు, మహారాణి," అన్నాడు. "నిన్నెవడూ తాళం వేసి పోవట్లేదుగా," అని నవ్వేవాడు. అదీ నిజమే. ఆమె తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ తలుపులోంచి ఎవరైనా, ఎప్పుడైనా, ఏదైనా అడగడానికి రావచ్చు. పరీక్ష దగ్గరపడుతోంది. పుస్తకం మాత్రం మొదటి పాఠం దగ్గరే బోర్లా పడి ఉంది.

పండుగకు హమూద్ భార్య ఉమ్ ఖల్ఫాన్ హల్వా పంపిన పళ్లెం ఇంకా లిగయా ఇంట్లోనే ఉంది. దాన్ని ఖాళీగా తిప్పి పంపడం రెండు దేశాల్లోనూ అమర్యాదే. కొబ్బరిపాలు పోసి బియ్యపు రొట్టె కాల్చి, కావాలనే, అసర్ దాటాక పట్టుకెళ్లి తలుపు తట్టింది. రెమీ అక్క తన కిటికీలోంచి చేతులు ఊపుతూ వద్దని సైగ చేస్తూనే ఉంది.

"ఎవరు? మగా, ఆడా?"

"ఆడే. ఎదురింటిదాన్ని."

గోరింటాకు పెట్టుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఆమెను లోపలికి లాగేసింది.

గోడలు కలిసిన ఇళ్ల ఆడవాళ్లు పెరటి దారిన వచ్చి చాపల మీద చేరి ఉన్నారు. ఎవరి తల మీదా గుడ్డ లేదు. ఒకామె కాళ్లు బార్లా చాపి టోపీ మీద పూలు కుడుతోంది. ఒకామె పుస్తకంలో మునిగి ఉంది. మరొకామె ఎవరికీ జవాబుదారీ కానట్టు గురక పెడుతోంది. ఉమ్ ఖల్ఫాన్ యాలకుల కాఫీ పోసింది. లిగయా తాగింది, మళ్లీ పోసింది, మళ్లీ తాగింది. గుండె దడదడలాడేసరికి అందరూ పగలబడి నవ్వారు.

"కప్పు ఆడించవే తల్లీ!" అంది ఉమ్ ఖల్ఫాన్, బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులో. "చాలని నువ్వు ఆడిస్తేనే నేను ఆపేది. లేకపోతే పోస్తూనే ఉంటా. పోసేదానికేం తెలుస్తుంది నీ కడుపు?"

అంతలో వీధిలోంచి చేతికర్ర చప్పుడు, చిన్న దగ్గు.

"ఉమ్ ఖల్ఫాన్! కళ్లజోడు మర్చిపోయాను."

"మగ్రిబ్ తర్వాత దొరుకుతుందిలే!"

"ఎండగా ఉందే."

"చావడిలో నీడ ఉంది. మగాళ్లంతా అక్కడే ఉన్నారుగా, పో!"

కర్ర చప్పుడు బుద్ధిగా దూరమైంది. కోప్పడడా అని లిగయా అడిగింది.

"దేనికి కోపం? మా అత్త మామగారిని ఇలాగే తరిమేది. మిగతా పొద్దంతా ఇల్లు ఆయనదే. ఇంతసేపు నాది. మీ ఇంట్లో నీ పొద్దు ఏది?"

లిగయా చేతిలోని కప్పును మెల్లగా అటూ ఇటూ ఆడించింది.

మర్నాడు అసర్ వేళకు దిండో సిగరెట్లు కొనుక్కుని వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

"లిగయా! ఏంటిది? నా టీ?"

"ఫ్లాస్కులో పోసి గడప మీద పెట్టాను. మగ్రిబ్ దాకా చదువుకుంటున్నా."

"మరి నేనెక్కడికి పోను?"

జవాబు ఎదుటి అరుగు మీద నుంచి వచ్చింది. హమూద్ కర్ర ఆనించుకుని నవ్వుతున్నాడు. "రా తమ్ముడూ, చావడికి పోదాం. ఫ్లాస్కు కూడా తెచ్చుకో."

ఆ వారమంతా లిగయా చదివింది. మొదటి పాఠం దాటింది, నాలుగోదాన్లో పడింది. దిండో అరబ్బీలో ఎత్తిపొడుపులు నేర్చుకుని చావడి నుంచి హుషారుగా వస్తున్నాడు. మేజోళ్లు తనే వెతుక్కుంటున్నాడు. ఇంకా దొరకడం లేదు గానీ వెతుక్కుంటున్నాడు.

శుక్రవారం రెమీ అక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "వీధి వీధంతా అనుకుంటున్నారే! నీ మొగుడు కూడా ఈ ఊరి బుద్ధులు పట్టి నిన్ను లోపల పెట్టి తాళం వేసి పోతున్నాడట! టక్కున చప్పుడు నేనూ విన్నాను!"

లిగయా ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, తమ తలుపు ఇటూ అటూ తిప్పి చూపించింది. తర్వాత ఎదురింటి తలుపును చూపించింది. రెండు తలుపులకూ బయటివైపు తాళం వేసే కొండీ లేదు. గడియ లోపలివైపే ఉంది.