రెండుసార్లు కానలువా

నన్ను మా వాళ్ళు బస్సు వెండెల్ అంటారు. అసలు పేరు వెండెల్ కాహికినా. ఇరవై రెండేళ్ళు పునావై లోయ పిల్లల్ని బస్సులో బడికి దింపి, మళ్ళీ ఇంటికి తెచ్చాను. మా నియోజకవర్గంలో ఓటు హక్కున్న వాళ్ళలో సగం మందిని ఎప్పుడో ఒకప్పుడు "చెయ్యి లోపలికి తియ్యి" అని తిట్టినవాణ్ణే. ఆ చనువుతోనే నాకు ఓట్లు పడ్డాయి. ఎన్నికల ముందు రెండు నెలలు పొద్దున్నే రోడ్డు పక్క నా పేరున్న బోర్డు పట్టుకుని నిలబడి, పోయే ప్రతి కారుకీ చెయ్యి ఊపాను. భుజం ఇప్పటికీ నొప్పి పెడుతోంది.

కరపత్రం మీద నా ప్రాధాన్యాలు మూడు మాటల్లో వేయించాను. రోడ్డు, నీళ్ళు, పని. చూడ్డానికి బాగానే ఉన్నాయి. వాటిలో రెండు ఒకదాని పీక ఒకటి పట్టుకుంటాయని అచ్చు వేసేటప్పుడు నాకెవడూ చెప్పలేదు.

రాజధాని హొనోలులులో శాసనసభ మొదలై మూడు నెలలైంది. నేను రెండు బిల్లులు పెట్టాను, రెండూ ఏ కమిటీ గడపా దాటలేదు. తొంభై ఏళ్ళు నిండిన ముసలాళ్ళకీ, రిటైరైన టీచర్లకీ, పడవ పందెం గెలిచిన ఆడపిల్లలకీ ప్రశంసాపత్రాలు మాత్రం అరవై ఒకటి ఇచ్చాను.

"మొదటి ఏడాదికి ఇది మంచి రికార్డే," అంది మిసెస్ తోకునాగా. ఆవిడ మా ఆఫీసులో పనిచేస్తుంది అనడం తప్పు, ఆవిడే మా ఆఫీసు. నా కుర్చీలో నాకు ముందు కూర్చున్న ఆరుగురినీ ఆవిడే నడిపింది.

అప్పుడొచ్చింది వాగు బిల్లు.

మా లోయ పైభాగంలో మకడామియా గింజల తోట ఉంది. మా తాతల కాలం నుంచీ ఆ కంపెనీ పునావై వాగుకి అడ్డం కట్టి, కాలవ తవ్వి నీళ్ళు మళ్ళించుకుంటోంది. దానికి ప్రభుత్వమిచ్చిన అనుమతి ఈ ఏడాదితో అయిపోతుంది. మరో ముప్ఫై ఏళ్ళు ఇవ్వాలన్నది బిల్లు. మా నియోజకవర్గం వాగు, మా నియోజకవర్గం తోట. మిగతా యాభై మంది సభ్యులూ నా మొహం చూడ్డం మొదలుపెట్టారు. నేనెవరి మొహం చూడాలో తెలియక విమానమెక్కి మా ద్వీపంలోని ఇంటికెళ్ళాను.

ముందు లవినియా ఆంటీ దగ్గరికి. మా అమ్మ చెల్లెలు, డెబ్బై ఒకటో ఏడు. నేను వెళ్ళేసరికి చేమ మడిలో మోకాలి లోతు బురదలో ఉంది. పలకరింపు లేదు, ఏమీ లేదు. ఒక మొక్క పీకి దుంప నా చేతిలో పెట్టింది.

"నొక్కు."

నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

"వాసన చూడు."

"వద్దులే ఆంటీ."

"చూడరా. ఓటు వెయ్యబోయేవాడివి." చూశాక గానీ వదల్లేదు. "నీళ్ళు చల్లగా పారుతుంటే దుంప గట్టిగా ఊరుతుంది. పైన వాళ్ళు పట్టేసుకుంటే ఇదిగో, ఇలా మిగిలిన నీళ్ళు నిలవుండి, ఎండకి కాగి, మొదలు కుళ్ళిపోతుంది. పోయినేడు పధ్నాలుగు మళ్ళు వేశాను. ఈ ఏడు ఐదు. ముప్ఫై ఏళ్ళట! నాకేంలే, అప్పటికి నేనూ ఇక్కడే ఉంటా." గట్టు అవతల మా వాళ్ళ సమాధుల వైపు గడ్డం ఎగరేసింది. "పైనుంచి కాదు, కిందనుంచి చూస్తా."

మధ్యాహ్నం ఆవిడ పెట్టిన చేమ ముద్ద, ఎండుచేప తిన్నాను. ముద్ద పల్చగా ఉంది. ఆంటీ ఇంట్లో ముద్ద పల్చబడ్డం నేనెన్నడూ చూడలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. బిల్లుకి 'కాదు' అనేస్తాననుకున్నాను.

సాయంత్రం మా అక్క శార్మెయిన్ ఇంటికెళ్ళాను. ఆమె మొగుడు ఫ్లోరాంతె ఆ తోటలోనే మేస్త్రీ. వెనిగర్‌లో ఉడికించిన పంది మాంసం, అన్నం ముందు పెట్టి, నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగాడు.

"నూట నలభై మందిమి వెండెల్, తోటలో. అందులో ఎంతమంది నీ బస్సెక్కినవాళ్ళో నీకే తెలుసు."

"తెలుసు."

"మీ అక్క కిడ్నీ మందులు దేనిమీద వస్తున్నాయి? కంపెనీ ఇచ్చే బీమా మీద. నీళ్ళు ఆగితే మొదట కొత్త చెట్లు ఎండుతాయి. తర్వాత పాతవి. ఆ తర్వాత మేము."

"మరి ఆంటీ మళ్ళు?"

"ఆంటీకి నీళ్ళు వద్దని నేనన్నానా? ఆవిడ చేమ ముద్ద తిని పెరిగినవాణ్ణే నేనూ. వాగులో ఇద్దరికీ చాలినన్ని ఉన్నాయి. కావాలంటే కంపెనీవాళ్ళని అడుగు."

మా అక్క లేచింది. మందుల డబ్బా తీసుకుని లోపలికెళ్ళింది. నా ఎదురుగా వేసుకోవడం ఇష్టం లేక వెళ్ళిందో, ఎదురుగా తీయాలనే తీసిందో నాకు అంతుపట్టలేదు. బిల్లుకి 'అవును' అనేస్తాననుకున్నాను.

ఇద్దరికీ చాలినన్ని ఉన్నాయని ఒకరు, లేవని ఒకరు. సరే, ఎన్ని ఉన్నాయో తెలిస్తే గొడవే లేదు కదా అని హొనోలులు వచ్చాక వాకబు చేశాను. కంపెనీ ఇంజనీరు ఒక అంకె చెప్పాడు. ప్రభుత్వ అధికారి అందులో సగం చెప్పాడు. విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఇద్దరిదీ తప్పని ఇంకో అంకె చెప్పి, చివర్లో నెమ్మదిగా ఒక ముక్క అన్నాడు. వాగులో నీళ్ళు కొలిచే సాధనం పంతొమ్మిదేళ్ళ కిందటి వరదలో కొట్టుకుపోయిందట. మళ్ళీ పెట్టలేదు. అప్పట్నుంచీ అందరివీ ఊహలే. నా బుర్ర తిరిగిపోయింది. ఏమీ తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుని సిగ్గుపడుతున్నాను, తీరా చూస్తే ఎవడికీ తెలియదు. కాకపోతే వాళ్ళు అంకెలు చెబుతున్నారు.

మంగళవారం మధ్యాహ్నం బిల్లు ఓటింగుకి వచ్చింది. పైన గ్యాలరీలో ఫ్లోరాంతె, ఇంకో ముప్ఫై మంది పనివాళ్ళు ఒకే రంగు చొక్కాలేసుకుని కూర్చున్నారు. గుమాస్తా ఒక్కొక్క పేరూ పిలుస్తున్నాడు. అవును, కాదు, అవును, కాదు.

"కాహికినా."

మా సభలో ఒక పాత మర్యాద ఉంది. ఎటూ తేల్చుకోలేనివాడు 'కానలువా' అనవచ్చు. మా అమ్మమ్మల భాషలో తటపటాయింపు అని అర్థం. అలా అన్నవాణ్ణి పక్కన పెట్టి, అందరూ అయ్యాక మళ్ళీ పిలుస్తారు.

"కానలువా," అన్నాను.

చివర మళ్ళీ పిలిచాడు. ఈ నాలుగు నిమిషాల్లో నాకేం తెలిసొచ్చింది గనక? రెండోసారి కూడా అదే అంటే నన్ను లెక్కలోంచి తీసేస్తారని నా నమ్మకం. రానివాడి కింద జమకడతారు, అంతేగా అనుకున్నాను.

"కానలువా."

"కాహికినా, అవును," అని గట్టిగా చదివాడు గుమాస్తా. "అవును ఇరవై ఆరు. కాదు ఇరవై ఐదు." స్పీకరు సుత్తి కొట్టింది. బిల్లు గెలిచింది.

ఏం జరిగిందో నాకు తలా తోకా తెలియలేదు. కారిడార్లోకి వచ్చేసరికి ఫ్లోరాంతె నన్ను అమాంతం ఎత్తేశాడు. పనివాళ్ళు పూలదండలు ఒకదాని మీద ఒకటి వేస్తుంటే చెవులదాకా వచ్చాయి.

"నేను అవుననలేదు బావా," అన్నాను పూలలోంచి.

"ఎలా అన్నా రికార్డులో ఉందిగా! ఇక ఊరుకో, ఫోటో."

ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను. ఎందుకు నవ్వానో అడగొద్దు.

అంతలో ఆంటీ ఫోన్. "టీవీలో చూశాన్రా. రెండుసార్లు అడిగారు నిన్ను. ఒక్కసారి కాదు, రెండుసార్లు. గోడ మీద పిల్లిలా కూర్చున్నావు."

"ఆంటీ, నాకు నిజంగానే—"

"పిల్లికైనా దూకాలనుంటుంది," అని పెట్టేసింది.

మిసెస్ తోకునాగా తలుపేసి, నన్ను కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "రెండోసారి కూడా కానలువా అంటే అవును కింద రాస్తారు. వంద పేజీల నియమాల పుస్తకం మొదటిరోజే ఇచ్చాను."

"కాదు కింద ఎందుకు రాయరు?"

"ఎప్పట్నుంచో అంతే."

"తెలియదంటే అవునని ఎలా అవుతుందండీ? మీ ఆయన్ని పెళ్ళాడతావా అంటే తెలియదన్నారనుకోండి, పెళ్ళి చేసేస్తారా?"

"చేసేశారు," అందావిడ, నవ్వకుండా. తర్వాత టీ పోసిచ్చి అసలు సంగతి చెప్పింది. "ఇంకో దారుంది. తీర్మానాన్ని తిరగదోడమని రేపటి సభలో అడగొచ్చు. కానీ గెలిచిన పక్షాన ఓటేసినవాళ్ళే అడగాలి. కాదన్న ఇరవై ఐదుగురికీ ఆ హక్కు లేదు. నిజంగా అవునన్న ఇరవై ఐదుగురికీ ఆ అవసరం లేదు. మిగిలింది నువ్వు."

"అడగమంటారా?"

"నేను ఆరుగుర్ని చూశాను. ఏం చెయ్యమంటారని అడిగినవాడివి నువ్వే. మిగతావాళ్ళు ఏం చేశారో చెప్పి ఎందుకు చేశారో నన్ను రాయమనేవాళ్ళు." అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

బుధవారం పొద్దుట సభ భవనం చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేశాను. కదలకుండా ఉంటే తోట నిలుస్తుంది, అక్క మందులు నిలుస్తాయి, ఆంటీ మిగిలిన ఐదు మళ్ళూ పోతాయి. కదిలితే మళ్ళు బతుకుతాయేమో. ఏమో! తోట పోతుందేమో. అదీ ఏమోనే. ఒక పక్కకి నాలుగడుగులు వేయగానే రెండో పక్కవాళ్ళ మొహాలు కనిపించేవి. ఇరవై రెండేళ్ళు ఒకే దారిలో బస్సు నడిపినవాణ్ణి ఈ పనికి ఎందుకు పంపారా అని మా జనం మీద కోపం వచ్చింది. బోర్డు పట్టుకుని నిలబడ్డ నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

సభ చివరికొచ్చింది. గ్యాలరీలో మళ్ళీ ఆ చొక్కాలే. బిల్లు మీద సంతకాలు, గెలుపు విందు అయ్యాక సాయంత్రం విమానానికి వెళ్ళాలని ఆగారు. "ఇంకేమైనా ఉన్నాయా?" అంది స్పీకరు. నేను లేచాను. ధైర్యమొచ్చి లేచానని ఎవరైనా అంటే నమ్మకండి. కూర్చోలేక లేచాను.

"వాగు బిల్లు తిరగదోడాలని కోరుతున్నాను."

సభంతా నా వైపు తిరిగింది.

"కారణం చెప్పండి, ప్రతినిధి కాహికినా."

"నాకు తెలియదు మేడం." ఎవరో నవ్వారు. "నిజంగా తెలియదు. నిన్న రెండుసార్లు అదే చెప్పాను, మీరు అవునని రాసుకున్నారు. ఆ వాగులో ఎన్ని నీళ్ళున్నాయో నేను ముగ్గుర్ని అడిగాను, మూడు అంకెలు చెప్పారు. కొలిచే సాధనం పోయి పంతొమ్మిదేళ్ళైంది. నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలియనిదాన్ని ముప్ఫై ఏళ్ళకి రాసిచ్చేశాం. నా మాట ఒక్కటి సరిచెయ్యండి చాలు. ముందు ఆ నీళ్ళు కొలవండి."

తిరగదోడాలని ఇరవై ఆరు, వద్దని ఇరవై ఐదు. తిరగదోడారు. మళ్ళీ పేర్లు పిలిచారు. నా పేరొచ్చినప్పుడు మిసెస్ తోకునాగా తలుపు దగ్గర నిలబడి నేల చూస్తోంది. పైకి చూశాను. ఫ్లోరాంతె రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని ఉన్నాడు.

"కాదు," అన్నాను. బిల్లు పడిపోయింది.

మా ద్వీపానికి సాయంత్రం విమానం ఒక్కటే, అదీ చిన్నది. ఫ్లోరాంతె పక్కన తప్ప సీటు దొరకలేదు. కూర్చున్నాను. సముద్రం మీదకి వచ్చేదాకా తను నావైపు తిరగలేదు.

"ఇప్పుడు కొలుస్తారా?" అన్నాడు చివరికి.

"కొలవాలనే పట్టుబడతా బావా."

"ఈలోగా అనుమతి అయిపోతుంది. అప్పుడు తోట సంగతి?"

"ఏడాదికి ఏదైనా తాత్కాలికంగా ఇప్పించగలనేమో. అడుగుతా."

"ఇస్తారా?"

"తెలియదు."

"కొలిచాక తక్కువున్నాయనుకో. మీ అక్క మందులు?"

తెలియదు అని మళ్ళీ అనడానికి నాకు నోరు రాలేదు.

"నిన్న తెలియక మాకు మేలు చేశావు," అన్నాడు ఫ్లోరాంతె. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. "ఇవాళ తెలియదని చెప్పి మరీ ముంచావు. పోనీలే. నీది న్యాయమేనేమో కూడా. కానీ నీ బోర్డు పట్టుకుని రోడ్డు మీద నీ పక్కన నేనూ నిలబడ్డాను కదరా. నీకు ఓటేసిన రోజు, ఎవరికి వేస్తున్నానో నాకు బాగా తెలుసుననుకున్నాను."

విమానం దిగడం మొదలుపెట్టింది. బెల్టు పెట్టుకోమన్నారు. ఇద్దరం పెట్టుకున్నాం.