చూద్దాం అన్న పెట్టుబడిదారు

విదేశీ పెట్టుబడి రాకపోతే గొడుగుల ఫ్యాక్టరీకి తాళమే. యజమానురాలు చెప్పిందంతా విన్న పెట్టుబడిదారు, కొత్తగా నేర్చుకున్న తెలుగులో "చూద్దాం" అన్నాడు. ఆమె మొహం వాడిపోయింది.

"అయిపోయింది వదినా," మరిది గొణిగాడు. "చూద్దాం అన్నవాడు మళ్లీ మొహం చూపించాడా ఎప్పుడైనా?"

"నోర్ముయ్. టీ అయినా తాగి వెళ్లనీ."

అతను టీ ముట్టకుండా లేచాడు. "చూద్దాం అన్నాను కదండీ. మిషన్లు ఎటువైపు?"

ఆమె ఒక్క ఉదుటున లేచింది. "ఇటండీ, ఇటు! మరిదీ, పరుగెత్తి స్విచ్చులు వెయ్యి!"

మిషన్లన్నీ చూశాక పెట్టుబడిదారు ఒప్పందానికి సరేనన్నాడు. "ఇందాక మీ మొహాలెందుకలా వాడిపోయాయి?"

"మా దగ్గర చూద్దాం అంటే కుదరదనండీ," అన్నాడు మరిది.

అతను నోరెళ్లబెట్టాడు. "అయ్యో! గది మార్చమంటే హోటల్‌వాళ్లు చూద్దాం అన్నారు. పెట్టె సర్దుకుని కూర్చున్నానండీ!"