చందాపుర బడిలో వాటర్ బెల్

మునిలక్ష్మి మిస్‌ని ఆరోగ్య కార్యక్రమాలకి ఇన్‌ఛార్జిగా వేసిన మీటింగులో ఆమె లేదు. ఆ వేళకి ఆమె చందాపుర సర్కిల్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో వెల్లకిలా పడుకుని కడుపు స్కానింగు చేయించుకుంటోంది. కిడ్నీలో రాయి ఉందన్నాడు డాక్టరు.

"టీచర్లకి ఇది మామూలేనమ్మా. పొద్దుట్నించి సాయంత్రం దాకా నీళ్ళు తాగరు. ఏం, మీ బడిలో నీళ్ళుండవా?"

"నీళ్ళు ఉండాయి సార్" అంది మునిలక్ష్మి. మిగతాది మగ డాక్టరుతో చెప్పలేక చీటీ తీసుకుని బయటపడింది.

బడికి వచ్చేసరికి స్టాఫ్ రూములో ఆశ ఎదురొచ్చి చెయ్యి కలిపింది. ఆశ రెండేళ్ళ కిందట వరంగల్ నుంచి వచ్చిన ఇంగ్లీషు టీచరు.

"కంగ్రాట్స్ మేడమ్. మీరే వెల్‌నెస్ ఇన్‌ఛార్జి. అందరం ఎవరికి వాళ్ళం ఏదో ఒక రీజన్ చెప్పి ఎస్కేప్ అయినం. మీరు లేరు కదా, ఈజీ అయిపోయింది."

బెంగళూరు చుట్టూ ఆ ట్రస్టుకి నాలుగు చిన్న బడులున్నాయి. చందాపురలో ఒకటి, దేవనహళ్ళి పక్కన ఒకటి, తక్కిన రెండూ మధ్యలో ఎక్కడో. ట్రస్టు కార్యదర్శి హేమంత్‌కుమార్ బెళ్ళందూరులో ఒక పెద్ద కంపెనీలో హెచ్‌ఆర్ ఉద్యోగం చేసి, మానేసి, మామగారు పెట్టిన ఈ బడుల బాధ్యత నెత్తికెత్తుకున్న మనిషి. చెడ్డవాడు కాదు. కాకపోతే కంపెనీలో అలవాటైన మాటలన్నీ బడులకు మోసుకొచ్చాడు. పిల్లల్ని స్టేక్‌హోల్డర్లు అనేవాడు. పిల్లలూ టీచర్లూ అందరూ ఆరోగ్యంగా ఉండాలన్నది ఆయన కొత్త పట్టుదల. మొదటి మెట్టు వాటర్ బెల్. గంట కొట్టగానే క్లాసులో పాఠం ఆపేసి, పిల్లలూ టీచరూ కలిసి నీళ్ళు తాగాలి. తాగుతున్నట్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి.

మునిలక్ష్మి సైన్సు టీచరు. సొంతూరు అత్తిబెలె. నలభై దాటి చాలాకాలమైనా నవ్వితే ఎనిమిదో క్లాసు పిల్లలా కనిపించే మొహం. పని మీద వేసుకున్నాక అరకొరగా చేసే రకం కాదు. గంట కొట్టించింది, ఫోటోలు తీసింది. సీసాలెత్తి వరసగా నిలబడ్డ పిల్లలు సీసాల ప్రకటనలో ఉన్నంత ముచ్చటగా ఉన్నారు. కార్యదర్శి గ్రూపులో బొటనవేళ్ళ మీద బొటనవేళ్ళు పెట్టాడు.

కొన్నాళ్ళకి వరండా కుండీల్లో చెట్లు కుళ్ళడం మొదలుపెట్టాయి. మందారం ఆకులు పసుపు పచ్చగా మారి రాలిపోయాయి. కుండీల కింద ఎప్పుడూ మడుగు. వర్షమా అంటే చినుకు లేదు. మునిలక్ష్మి ఒకరోజు గంట కొట్టాక స్తంభం చాటున నిలబడింది. ఎనిమిదో క్లాసు నవ్య సీసా మూతి నోటికి ఆనించి, ఫోటో అయిపోగానే కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, నీళ్ళన్నీ మందారానికి పోసేసింది. వెనక వరసలో ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు అదే పని చేశారు.

"ఏమ్మే, చెట్టును చంపేస్తా ఉండావు" అంది మునిలక్ష్మి.

నవ్య ఉలిక్కిపడింది గానీ అబద్ధం చెప్పలేదు. "తాగితే పోవాల గదా మిస్."

"యాడికి?"

నవ్య మొహం బడి వెనక్కి తిప్పి చూపించింది. "తలుపుకి గొళ్ళెం లేదు మిస్. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట పట్టుకోవాల. నీళ్ళు బోరు కాడి నుంచి మోసుకుని పోవాల. అంత కష్టమెందుకని పొద్దున ఇంట్లో పోయినాక మళ్ళా సాయంత్రం ఇంటికి పోయినాకే. మేమెవరం తాగం మిస్. గొంతు తడుపుకుంటాం, అంతే."

కోప్పడదామని మునిలక్ష్మి నోరు తెరిచింది. ఏ నోటితో కోప్పడుతుంది? ఆమె సీసా కూడా పొద్దున ఇంటి నుంచి ఎట్లా వచ్చిందో సాయంత్రం అట్లాగే నిండుగా వెళ్ళేది. స్టాఫ్‌కి ఉన్న ఒకే ఒక్క టాయిలెట్ హెడ్మాస్టరు గదిలో, ఆయన కుర్చీ వెనక ఉంది. హెడ్మాస్టరు పద్మనాభం నెల్లూరు మనిషి, మర్యాద మనిషి. ఆడవాళ్ళెవరు గుమ్మంలో కనిపించినా లేచి నిలబడి, "రండమ్మా, కూర్చోండి. ఏమిటి విషయం?" అనేవారు. అసలు విషయం చెప్పలేక ఆశ ఒకసారి కూర్చుని, పరీక్ష పేపర్ల గురించి చాలాసేపు మాట్లాడి, వెళ్ళిన పని కాకుండానే తిరిగొచ్చింది. అప్పట్నించీ ఆడ టీచర్లెవరూ అటు పోలేదు.

మునిలక్ష్మి ఈ సంగతి వీడియో మీటింగులో కార్యదర్శికి చెప్పింది. మగవాళ్ళ ముందు చెప్పాల్సి వచ్చినందుకు చెవులు వేడెక్కినా పూర్తిగా చెప్పింది. హేమంత్‌కుమార్ శ్రద్ధగానే విన్నాడు.

"వ్యాలిడ్ పాయింట్ మేడమ్. ఇన్‌ఫ్రా నెక్స్ట్ ఇయర్ చూద్దాం. ముందు మైండ్‌సెట్ మారాలి. ఫ్రైడే నేనే వచ్చి బెల్ అఫీషియల్‌గా లాంచ్ చేస్తాను. అందరికీ స్టీల్ బాటిల్స్ పంపిస్తున్నాను."

సాయంత్రం అత్తిబెలె బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటలే నెమరేసుకుంటోంది మునిలక్ష్మి. మైండ్‌సెట్ మారాలట. ఎవరిది మారాలో ఆలోచించేకొద్దీ పెదవుల చివర నవ్వు మొదలైంది. చందాపుర సర్కిల్ దాటేసరికి అది ఆగలేదు. పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చుంది.

మర్నాడు ఆమె మొట్టమొదట హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, స్టీలు బాటిళ్ళు వచ్చినాయి. అట్టపెట్టెలు మస్తుగా ఉండాయి. బయట పెడితే దొంగలకు పండగే. బడి మొత్తంలో గట్టి బీగం ఉండేది మీ బాత్రూముకే."

పద్మనాభం ఆలోచించారు. ఆయన ఇల్లు బడి వెనక వీధిలోనే. అవసరమైతే ఇంటికే వెళ్ళొచ్చేవారు. "మంచి ఆలోచనేనమ్మా. నాలుగు రోజుల ముచ్చటే కదా" అన్నారు. పెట్టెలు లోపలికి వెళ్ళాయి. నేల నుంచి పైకప్పు దాకా పేర్చాక చీపురుపుల్ల దూరే సందు కూడా మిగల్లేదు.

తర్వాత ఆశని పక్కకు పిలిచి చెవిలో చెప్పింది. ఆశ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మేడమ్, ఇది రిస్క్."

"రిస్కేముండాది అమ్మా? అతిథి మర్యాద. ప్రతి క్లాసూ ఒక ఆరోగ్య పానీయం చేసి సార్‌కి ఇస్తాది. ఇవ్వద్దని యే రూల్ ఉండాది?"

శుక్రవారం ఎండ బాగా కాసింది. హేమంత్‌కుమార్ ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని కారు దిగీ దిగకముందే ఐదో క్లాసు పిల్లలు ఎళనీరు, అదే లేత కొబ్బరి బొండం, చేతిలో పెట్టారు. తాగాడు, బాగుందన్నాడు. ఆరో క్లాసు వాళ్ళు పానకం తెచ్చారు. ఏడో క్లాసు మజ్జిగ, అందులో కొత్తిమీరా అల్లమూ. "మేమే చిలికినాం సార్" అని పిల్లలు కళ్ళింత చేసుకుని చూస్తుంటే ఒక గుక్క తాగి గ్లాసు పెట్టేయడం ఎవరివల్లా కాదు. పైగా ఎదురుగా కెమెరా. ఎనిమిదో క్లాసు వంతు వచ్చేసరికి నవ్య పుచ్చకాయ రసం చెంబు నిండా తెచ్చింది.

"చెంబు ఎందుకమ్మా, చిన్న గ్లాస్ చాలు" అన్నాడాయన.

"మీరే గదా సార్, నీళ్ళు బాగా తాగమన్నారు" అంది నవ్య. ఆ మాటకి ఆయన ముచ్చటపడి చెంబు ఖాళీ చేశాడు.

ఈలోగా ఆయన డ్రైవరు టిఫిను తినలేదని తెలిసి, మునిలక్ష్మి అతన్ని హైవే అవతల హోటల్లో వెన్న వేసి కాల్చే బెణ్ణె దోసె బాగుంటుందని చెప్పి పంపించింది. కారు తాళాలు అతని జేబులోనే ఉన్నాయి.

వేదిక మీద హేమంత్‌కుమార్ గంట కొట్టి, కొత్త స్టీలు సీసా ఎత్తి, అందరూ చూస్తుండగా గడగడా తాగి, బోర్లించి చూపించాడు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత కార్యక్రమం మొదలైంది. స్వాగత గీతం. కోలాటం. పద్మనాభం గారి అధ్యక్షోపన్యాసం. నీటి ప్రాముఖ్యం గురించి ఆయన నదుల దగ్గర ఎత్తుకుని, చెరువుల మీదుగా జలపాతాలకు వచ్చారు.

జలపాతాల దగ్గర హేమంత్‌కుమార్ కాలు మీద కాలు వేసుకున్నాడు. వెంటనే తీసేసి రెండో కాలు వేసుకున్నాడు. నుదురు తుడుచుకున్నాడు. మునిలక్ష్మి మొదటి వరసలో చేతులు కట్టుకుని, మంచి శ్రోతలా కూర్చుంది. పక్కన ఆశ తల పైకెత్తడం లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

చివరికి ఆయన లేచి ఉపన్యాసం మధ్యలోనే హెడ్మాస్టరు చెవిలో ఏదో అన్నాడు. పద్మనాభం "అయ్యో, దానికేం సార్" అని గదికి తీసుకెళ్ళి తలుపు తీశారు. లోపల పెట్టెల గోడ. ప్రతి పెట్టె మీదా నీలం అక్షరాలతో ఒకటే మాట: నీళ్ళు తాగండి, ఆరోగ్యంగా ఉండండి. పద్మనాభానికి పెట్టెల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తన ఇంటికి తీసుకెళ్దామంటే భార్య తాళం వేసి మార్కెట్టుకు వెళ్ళింది. కారు దగ్గర డ్రైవరు లేడు. మగపిల్లలకున్నది టాయిలెట్ కాదు, మైదానం చివర ఒక గోడ. దాని ముందర బడి బడంతా కూర్చుని ఉంది.

"వెనకాల ఆడపిల్లల గదులుండాయి సార్. ఇప్పుడు ఎవరూ లేరు" అంది మునిలక్ష్మి, వెనకే వచ్చి. మొహంలో నవ్వు జాడ కూడా లేదు. దారి చూపించడానికి నవ్యని వెంట తెచ్చింది.

హేమంత్‌కుమార్ దాదాపు పరుగెత్తాడు, వెనకే పద్మనాభం. తలుపు వేయబోతే అది మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ వేశాడు, మళ్ళీ తెరుచుకుంది.

"హెడ్మాస్టర్ గారూ, దీనికి లాక్ ఏదీ?"

"లేదు సార్" అంది నవ్య కాస్త దూరంలో నిలబడి. "బయట్నించి ఒకరు పట్టుకోవాల. హెడ్మాస్టరు సార్, పైన పట్టుకోకండి, ఊడొచ్చేస్తాది. కింద రేకు కాడ పట్టుకోండి."

పద్మనాభం వంగి రేకు పట్టుకున్నారు. జరీ పంచె అంచు బురదలో ఆనింది.

"ఇంకొకటి సార్. లోపల మనిషి ఉండేది తెలియాలంటే పాట పాడతా ఉండాల. లేకుంటే యెవరన్నా వచ్చి లాగేస్తారు."

పద్మనాభం లెక్కల మనిషి. పాటలు రావు. కాసేపు తటపటాయించి పదిహేడో ఎక్కం ఎత్తుకున్నారు. ఆయన గొంతు గంభీరమైనది. అది విని దూరంగా వేదిక దగ్గరున్న మూడో క్లాసు పిల్లలు అలవాటు కొద్దీ వంత పలికారు.

ఎక్కం పూర్తి కాకముందే లోపల్నించి వినిపించింది: "నీళ్ళు లేవండీ."

"బోరు కాడి నుంచి తేవాల సార్" అంది నవ్య.

తలుపు వదిలితే తెరుచుకుంటుంది, వదలకపోతే నీళ్ళు రావు. తలుపు పట్టుకున్నది ఇంకెవరైనా అయి ఉంటే మునిలక్ష్మి మరికాసేపు చూస్తూ నిలబడేదే. కానీ ముసలాయన నడుము పట్టుకుని అవస్థ పడుతుంటే జాలేసింది. తనే బకెట్టు తెచ్చి గుమ్మం ముందు పెట్టి, దూరంగా వచ్చి నిలబడింది.

హేమంత్‌కుమార్ బయటికి వచ్చాడు. తలుపుని ఒకసారి ముందుకీ వెనక్కీ కదిపి చూశాడు. చెయ్యి కడుక్కుందామని కుళాయి కోసం వెతికి, లేదని తెలిసి జేబురుమాలుతో తుడుచుకున్నాడు. ఆ తర్వాత నవ్య వైపు తిరిగాడు.

"రోజూ ఇలాగేనా? మరి మీరేం చేస్తారమ్మా?"

"నీళ్ళు తాగం సార్."

ఆయన మొహం ఎర్రబడింది. ఆ మొహం చూశాక మునిలక్ష్మికి లోపల ఉబుకుతున్న నవ్వు సద్దుమణిగింది. కాస్త సిగ్గు కూడా వేసింది. కానీ చేసిన పనిని వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఆయన వేదికెక్కి, రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే సంవత్సరం అన్నాను, తప్పు. సెలవుల్లోపే కట్టిస్తాను. అప్పటిదాకా ఈ గంట కొట్టకండి" అని కూర్చున్నాడు. తొమ్మిదో క్లాసు వాళ్ళ రాగి అంబలి ఇంకా మిగిలే ఉంది. వాళ్ళు గ్లాసుతో వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

మేస్త్రీలు ఆ నెలలోనే వచ్చారు. గొళ్ళేలు, కుళాయిలు, గోడకి ఒక పొడుగాటి అద్దం. టీచర్లకి విడిగా ఒక గది, హెడ్మాస్టరు కుర్చీకి చాలా దూరంలో. పని నడుస్తుండగా ఒకరోజు కార్యదర్శి మునిలక్ష్మికి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆ బాక్సులు అక్కడ పెట్టించింది ఎవరు?"

"హెడ్మాస్టరు గారు సార్."

"ఐడియా?"

మునిలక్ష్మి గొంతు సవరించుకుంది. "నాదే సార్."

"అనుకున్నాను. మా ఆవిడకి చెప్తే పడీ పడీ నవ్వింది. మీరు చేసింది రైటే అంటోంది. నాకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది" అన్నాడు. "తక్కిన మూడు బడులు కూడా మీరే చూడండి. దేవనహళ్ళితో మొదలుపెట్టండి."

చందాపుర నుంచి దేవనహళ్ళికి ఊరంతా అడ్డంగా దాటుకుని బస్సులు మారాలి. అదే ఆయన తీర్చుకున్న కసి అని మునిలక్ష్మికి అర్థమైంది. ఎదురు చెప్పలేదు.

గంట మళ్ళీ మోగడం మొదలయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆశ స్టాఫ్ రూములోకి విసురుగా వచ్చి పుస్తకాలు బల్ల మీద పడేసింది.

"మేడమ్, క్లాస్‌లో సగం మంది గర్ల్స్ లేరు. గ్రామర్ స్టార్ట్ చేస్తే చాలు, అందరికీ అర్జెంటే. పోయినోళ్ళు రారు. మీరే ఏదన్నా చెయ్యండి."

మునిలక్ష్మి లేచి బడి వెనక్కి వెళ్ళింది. కొత్త అద్దం ముందు నవ్యా ఆమె స్నేహితురాళ్ళూ గుమిగూడి ఉన్నారు. ఒకమ్మాయి జడ విప్పి మళ్ళీ అల్లుకుంటోంది, ఇంకొకమ్మాయి బొట్టు సరిచేసుకుంటోంది, నవ్య ఎవరి గురించో గుసగుసగా చెబుతుంటే మిగతావాళ్ళు కిసకిసలాడుతున్నారు. మిస్‌ని చూడగానే అందరూ గోడకి అతుక్కుపోయారు.

"పోతా ఉండాం మిస్" అంది నవ్య.

"పోదురుగాని" అంది మునిలక్ష్మి. "ముందు కొంచెం జరగండి. పొద్దున్నించి ఈ కుచ్చిళ్ళు ఎట్లుండాయో చూసుకోనేలేదు."