అత్త గొంతులో అబద్ధం

తన గొంతు తనకే పరాయిదిగా వినిపించిన రోజున ఆమె తమ్ముడి ఇంటి బాల్కనీలో తడిబట్టలు ఆరేస్తోంది.

పుస్తకాలు చదివి రికార్డు చెయ్యడం ఆమె వృత్తి. స్టూడియోలో చిన్నా పెద్దా కథలమ్మ అనే పిలుస్తారు. ఆ మధ్య ఒక పాత పిల్లల నవల చదివింది. కాలువ గట్టు వెంట పడవలు లాగే ముసలి గాడిద కథ. చివర్లో గాడిద చచ్చిపోతుంది. దాన్ని మేపే పిల్ల ఏడవదు. ‘దీని గడ్డి ఇప్పుడెవరు తింటారు?’ అని మాత్రం అడుగుతుంది.

ఆ మాటంటే కథలమ్మకు ప్రాణం. చిన్నప్పుడు నాన్న పోతే ఇంటిల్లిపాదీ ‘ఊరెళ్ళాడు, వచ్చేస్తాడు’ అని మభ్యపెట్టారు. గుమ్మంలో కూర్చుని ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయి. పోయినవాళ్ళు రారని ఆమెకు మొహమ్మీద చెప్పింది ఆ పుస్తకమొక్కటే. ఈ వయసులో మళ్ళీ చదివితే, అప్పుడు కంటపడనివి కూడా కనిపించాయి: పడవవాడి అలసట, గాడిద మెడ మీద తాడు ఒరుసుకుని పడిన పుండు. రికార్డింగులో ఆ పిల్ల మాట దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివింది.

ఇప్పుడు లోపల మేనకోడలి ఫోన్లోంచి ఆమె గొంతే హుషారుగా చెబుతోంది: “గాడిద లేచి చెవులు దులుపుకుంది. పచ్చిక బయలు వైపు చెంగుచెంగున పరుగెత్తింది.”

చేతిలో నీళ్ళోడుతున్న చొక్కాతోనే ఆమె గదిలోకి వచ్చింది.

“ఇది నేను చదవలేదే!”

“నీ గొంతే కదత్తా,” అంది పిల్ల.

ఆ చొక్కా కుర్చీ మీద పడేసి తిన్నగా స్టూడియోకి వెళ్ళింది.

మేనేజరు చల్లగా నవ్వాడు. “పిల్లలు ఏడుస్తున్నారని తల్లిదండ్రులు గొడవ మేడమ్. మీకెందుకు శ్రమని మెషిన్‌తో మీ గొంతులోనే చేయించాం. నాలుగు వాక్యాలేగా!”

“ఏడవనీ! నేనూ ఏడ్చాను, చచ్చిపోయానా?”

“మార్పులు చేర్పులు మా ఇష్టమని మీరు సంతకం పెట్టారు కదా?”

“మార్పులంటే దగ్గు తీసెయ్యడం అనుకున్నానయ్యా. నా నోట్లో అబద్ధం కుక్కుతారనుకోలేదు. రాసినావిడ పోయింది, వచ్చి నిన్ను నిలదీయలేదు. నేను బతికే ఉన్నాగా!”

ఆమె రికార్డింగు గదిలోకి వెళ్ళి మైకు ముందున్న కుర్చీలో కూర్చుంది. తను చదివిన అసలు ముగింపు పెట్టేదాకా లేవనంది. సౌండు చూసే అతను తల వంచుకున్నాడు. వేరే పుస్తకం చదవడానికి వచ్చినతను బయట గోళ్ళు గిల్లుకుంటూ నిలబడ్డాడు. చివరికి మేనేజరు తలుపు తీసి, “మీ మాటా వద్దు, నా మాటా వద్దు. ఆ చివరి భాగమే పీకేస్తా, లేవండి,” అన్నాడు. అన్నట్టే పీకేశాడు. ఆమెకు ఇవ్వాల్సిన తర్వాతి పుస్తకం ఇంకొకరికి ఇచ్చేశాడు.

తన దగ్గరున్న అట్ట చిరిగిన పాత ప్రతిని ఆమె మేనకోడలికిచ్చింది. పిల్ల చివరి పేజీలు చదివి, మొహం కందగడ్డ చేసుకుని వచ్చింది.

“చచ్చిపోయిందని చెప్పొచ్చుగా! నేనేమన్నా చిన్నపిల్లనా?”

“చిన్నపిల్లవే. అందుకే చెప్పాలి.”

“ఎందుకక్కా దాన్ని ఏడిపిస్తావు?” అన్నాడు తమ్ముడు.

“నేను ఏడవట్లేదు నాన్నా, నాకు కోపమొస్తోంది,” అంది పిల్ల.

కొన్నాళ్ళకు మేనేజరే ఫోన్ చేశాడు. “కథ మధ్యలో ఆగిపోయిందని పిల్లలు అడుగుతున్నారు మేడమ్. కాస్త మెత్తటి ముగింపు రాయించాం. వచ్చి చదువుతారా?”

“పుస్తకంలో ఉన్నదైతే ఇప్పుడే బయల్దేరతా.”

“అది మాత్రం...” అని అవతల నసిగాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.