ఖాళీ సముద్రంలో తిమింగలం

ఆలస్యం అమృతం విషం అన్న పెద్దమనిషెవరో గాని, ఆయన జన్మలో ఒక వీడియో గేమ్ తయారు చేసి ఉండడు. చేసి ఉంటే ఆ మాట నోట్లోనే మింగేసేవాడు.

'చుక్కాని' అని పాత ఆట ఒకటి ఉండేది. టీవీకి తగిలించి ఆడే క్యాసెట్ ఆట. ఒక బుల్లి పడవ, కొన్ని దీవులు, దీవికో ఆరిపోయిన దీపం. దీపాలన్నీ వెలిగించుకుంటూ పోతే చివర్లో పెద్ద సముద్రం. అది దాటితే ఆట అయిపోయినట్టే. ఆ సముద్రంలో ఎదురుగాలి తప్ప ఏమీ ఉండదు కాబట్టి ఆడినవాళ్లంతా దాన్ని ఖాళీ సముద్రం అనేవాళ్లు. ఆటను తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆడిన పిల్లలకు జుట్టు నెరిసింది, పొట్టలొచ్చాయి, పడవ మీద ప్రేమ మాత్రం పోలేదు.

ఆ ప్రేమ ముదిరిన ముగ్గురు కలిసి, కొత్త కంప్యూటర్లలో ఆడుకునేలా దాన్ని మొదటి నుంచి మళ్లీ తయారు చేస్తున్నారు. జీతం లేదు, లాభం లేదు, ఒకరి మొహం ఒకరు ఎదురుగా చూసుకున్నది కూడా లేదు. పాత క్యాసెట్ కడుపు కోసి అందులో లెక్కలు ఎలా నడుస్తున్నాయో చదివేది ఒక లెక్కల మాస్టారు. అభిమానులకు ప్రకటనలు రాసేది తొందరబాబు. ఆ పేరు మిగతా ఇద్దరూ పెట్టిందే, ఎందుకో చెప్పనక్కర్లేదు. బొమ్మలు గీసేది మన కథలో చెల్లెలు. పగలంతా ఆమె కట్టుడు పళ్లు చేసే ల్యాబులో మైనంతో, ప్లాస్టర్ అచ్చులతో కుస్తీ పడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి అలలు గీస్తుంది.

విడుదల మూడుసార్లు వాయిదా పడింది. మొదటిసారి అభిమానులు "నిదానమే ప్రధానం, కానివ్వండి" అన్నారు. రెండోసారి నవ్వుకున్నారు. మూడోసారి "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటూ తొందరబాబును ఉతికి ఆరేశారు. మూడు వాయిదాలకూ కారణం ఒక్కటే. ఖాళీ సముద్రంలో తిమింగలం ఉందని చెల్లెలి పట్టు.

ఆ తిమింగలాన్ని ప్రపంచంలో చూసినవాడు ఒక్కడే. ఆమె అన్నయ్య. అదే వచ్చిన చిక్కు.

అన్నయ్య బస్సు డ్రైవరు. బస్సు నడపడంలో వంక పెట్టడానికి లేదు గాని, కబుర్లకు మాత్రం బ్రేకులుండవు. చిన్నప్పటి నుంచీ కోతలరాయుడే. వాడు చెప్పింది పదోవంతు చేసుకుని వినండని సొంత తల్లే చుట్టాలకు చెప్పేది. అలాంటివాడు పదేళ్ల వయసులో ఒక మధ్యాహ్నం టీవీ గదిలోంచి కేకలు పెడుతూ వచ్చి, చివరి సముద్రంలో తిమింగలం లేచిందనీ, దాని వీపు పడవకు రెండింతలుందనీ చెప్తే ఎవరు నమ్ముతారు? ఇల్లంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత వాడు ఎన్నిసార్లు ఆడినా అది మళ్లీ రాలేదు. దాంతో ఆ ఇంట్లో అబద్ధానికి తిమింగలం అనే పేరు స్థిరపడిపోయింది. ఇప్పటికీ అన్నయ్య డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే వదిన తలుపు తీస్తూనే, "ఏం, దారిలో తిమింగలం అడ్డొచ్చిందా?" అంటుంది. అన్నయ్య నవ్వేసి చెప్పులు విడుస్తాడు.

ఆ రోజు నవ్వనిది చెల్లెలు ఒక్కతే. జ్వరంతో పక్కగదిలో పడుకుని, దుప్పటి ముక్కు దాకా లాక్కుని, "ఇంకా చెప్పన్నయ్యా" అంది. అప్పటి నుంచీ నమ్ముతూనే ఉంది.

అందుకే కొత్త ఆటలో తిమింగలం ఉండి తీరాలంది. సరే, ఉంటే పాత క్యాసెట్లో ఉండాలిగా అని మాస్టారు వెతికారు. అందులో ఉన్న ప్రతి బొమ్మనూ బయటికి లాగారు. పడవ ఉంది, దీపాలున్నాయి, పక్షులున్నాయి, తిమింగలం తోక వెంట్రుక కూడా లేదు. ఆటను తనంతట తానే ఆడే ఒక ప్రోగ్రాం రాసి, సముద్రంలో అంగుళం వదలకుండా, అన్ని మీటలూ అన్ని రకాలుగా నొక్కించారు. ఏమీ లేవలేదు.

"లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తామమ్మా? మీకు నచ్చినట్టు ఒకటి గీసి పడేయండి" అన్నారు మాస్టారు.

ఆమె గీసింది. ఆదివారాలు భోజనానికి వచ్చే అన్నయ్యకు చూపించేది.

"ఇది కాదు" అనేవాడు.

"మరి ఎలా ఉంటుంది?"

"ఇలా మాత్రం ఉండదు."

"ఎలా ఉండదో చెప్పడంలో నీ తర్వాతే ఎవరైనా."

"బాగానే గీశావే. చేపల దుకాణం బోర్డుకు పనికొస్తుంది. నేను చూసింది మాత్రం ఇది కాదు."

నలుపు, నీలం, ముడతలున్నది, లేనిది, అన్నీ అయ్యాయి. అన్నింటికీ అదే మాట. చివరికి తొందరబాబుకు ఓపిక నశించింది. నెలాఖరు సోమవారం విడుదల తేదీ ప్రకటిస్తున్నామనీ, తిమింగలం ఉన్నా లేకపోయినా ఈసారి ఆగేది లేదనీ తేల్చేశాడు. "మీ అన్నయ్యగారు కలగన్నారేమో కనుక్కోండి" అని చివర ఒక ముక్క తగిలించాడు.

ఆ ముక్క ఆమెకు ముల్లులా దిగింది. పని మీద విసుగు, నిద్రలేమి, అన్నీ కలిసి ఆ ఆదివారం అన్నం వడ్డిస్తూ అడగకూడనిది అడిగేసింది.

"నిజంగా చూశావా అన్నయ్యా?"

అన్నయ్య చెయ్యి కంచంలో ఆగింది. ఊరంతా అడిగితే నవ్వేసినవాడు ఈ ఒక్క ప్రశ్నకు నవ్వలేదు. తిని, కంచం కడిగి, వెళ్లొస్తానని చెప్పి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానన్నాడు. డ్యూటీ లేదని వదిన పక్కనుంచే అరిచింది.

తేదీ ప్రకటించడానికి రెండు రోజుల ముందు, చెల్లెలు ల్యాబులో సగం రోజు సెలవు పెట్టి బస్సుల డిపోకు వెళ్లింది. అన్నయ్య నిచ్చెన వేసుకుని బస్సు ముందు అద్దం తుడుస్తున్నాడు.

"రేపు ఇంటికి రా. ఆ సముద్రం ఒక్కసారి ఆడు. నేను పక్కన కూర్చుంటాను, అంతే" అంది.

"పరీక్ష పెడుతున్నావా?"

"లేదు. ఆ రోజు నేను నీ పక్కన లేను. ఈసారి ఉంటాను."

అన్నయ్య గుడ్డ పిండి, మళ్లీ తుడిచిన చోటే తుడిచాడు.

మర్నాడు భోజనాల వేళ దాటాక వచ్చాడు. గదిలో పాత టీవీ, పాత ఆట పెట్టె, దానికి మిగిలిన ఒకే ఒక రిమోట్. రెండోది వాళ్ల చిన్నప్పుడే విరిగిపోయింది. అన్నయ్య చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. స్టీరింగు తిప్పే అంత పెద్ద చేతుల్లో రిమోట్ అగ్గిపెట్టెలా ఉంది. అయినా వేళ్లు ఏమీ మరిచిపోలేదు. దీవులు, దీపాలు చకచకా దాటించి పడవను చివరి సముద్రంలోకి దింపాడు. ఈ సముద్రంలో మీట నొక్కి పట్టుకునే ఉండాలి. వదిలితే ఎదురుగాలికి పడవ వెనక్కి కొట్టుకుపోతుంది. చెయ్యి వదలొద్దని ఆటతో వచ్చిన కాగితంలోనే రాసి ఉంటుంది.

అన్నయ్య చెయ్యి వదిలేశాడు. రిమోట్ తీసి చెల్లెలి మోకాలి పక్కన పెట్టాడు.

"పడవ పోతోంది!" అని ఆమె చెయ్యి చాచబోయి ఆగింది. "ఇదేంటన్నయ్యా?"

"సముద్రం నీ వంతుగా."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క రిమోట్ కోసం ఇద్దరూ జుట్లు పీక్కుంటుంటే నాన్న పెట్టిన రూలు అది. దీవులు అన్నయ్యవి, సముద్రం చెల్లెలిది. ఒకరి వంతు వచ్చాక పడవ మునిగినా సరే, రెండోవాళ్లు ముట్టుకోకూడదు.

"ఆ రోజు నాకు జ్వరం కదా."

"నిద్రపోతున్నావు. లేచాక ఆడతావని అలాగే ఉంచి కూర్చున్నాను. నీ సముద్రం నేనెలా ఆడతాను?"

"ఇన్నేళ్లూ ఈ మాట చెప్పలేదేం?"

"ఏం నొక్కావు, ఏం నొక్కావు అనే కదా అందరూ అడిగింది? గుర్తు లేదన్నాను. నొక్కనిది ఎలా గుర్తుంటుంది? ఆ తర్వాత ఆడినప్పుడల్లా నేనూ నొక్కుతూనే వెతికాను."

చెల్లెలు రిమోట్ ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. లక్షలమంది ఈ సముద్రం దాటారు, అందరూ మీట నొక్కి పట్టుకునే దాటారు. మాస్టారి ప్రోగ్రాం అయితే క్షణం కూడా ఊరుకోలేదు. వీళ్లందరూ ఎంత కష్టపడి వెతికారో తలుచుకుంటే ఆమెకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పడవ వెనక్కి, ఇంకా వెనక్కి పోయి, తెర అంచున తగులుకుని ఊగుతూ ఉండిపోయింది. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తన్నుతున్నారు. పొయ్యి మీద టీ మరిగి మరిగి అడుగంటింది. ఇద్దరూ లేవలేదు.

గాలి చప్పుడు ఆగిపోయింది.

ముందు ఒక అల కదలడం మానేసింది. తర్వాత దాని పక్కది. ఆ అలలు ఆమెకు కంఠతా వచ్చు. వంకరగా, కొసలు విరిగినట్టుంటాయి. పాతకాలం వాళ్లకు గీయడం చేతకాలేదనుకుని కొత్త ఆటలో ఒక్కొక్కదాన్నీ నున్నగా సరిచేసింది కూడా తనే. ఇప్పుడు ఆ వంకర అలలు ఒక్కొక్కటే పక్కకు తిరిగి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. పై పళ్లూ కింది పళ్లూ కలిసినట్టు, విరిగిన కొసకు విరిగిన కొస సరిగ్గా కూర్చుంటోంది. క్యాసెట్లో తిమింగలం బొమ్మ ఎందుకు దొరకలేదో ఆమెకు అర్థమైంది. విడిగా బొమ్మ లేదు. సముద్రమే తిమింగలం. మొదటి నుంచీ ముక్కలుగా కళ్ల ముందే ఉంది.

అది తెరంతా నిండింది. వీపు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయింది, తోక ఎక్కడుందో తెలియలేదు. ఆమెకు ఒళ్లంతా గగుర్పొడిచింది. పడవ పక్కనే రెండు అలలు విడిపోయి ఒక కన్ను తెరుచుకుంది. దాని ముందు పడవ నలుసంత. ఆ కన్ను పడవను చూసింది. కోపంగా కాదు, ప్రేమగా అని కూడా చెప్పలేం. ఇంతసేపు కదలకుండా కూర్చున్నది ఎవరా అన్నట్టు చూసింది. తర్వాత మెల్లగా మూసుకుంది. అలలు విడిపోయి ఎక్కడివక్కడికి వెళ్లిపోయాయి. గాలి మళ్లీ మొదలైంది, ఈసారి వెనక నుంచి. మీట ఎవరూ నొక్కకుండానే పడవ ముందుకు సాగింది.

ఎవరో ఎప్పుడో ఒక చిన్న గదిలో కూర్చుని, తిమింగలానికి చోటు చాలని క్యాసెట్లో దాన్ని అలలుగా కోసి దాచారు. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. వాళ్ల పేరు కూడా ఆమెకు తెలియదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది ఆమెకు.

"నువ్వు వీపు అన్నావు. ఇంత ఉందని చెప్పలేదేం? కన్ను సంగతి అసలే చెప్పలేదు" అంది.

"వీపు రెండు పడవలంత అంటేనే ఇల్లంతా నవ్విందే. కన్ను తెరిచి చూసిందంటే పిచ్చాసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు. తగ్గించి చెప్పాను."

జన్మలో ఒక్కసారి అన్నయ్య తగ్గించి చెప్పింది ఇదే. చెల్లెలు నవ్వబోయి ఏడ్చింది.

"అడక్కూడనిది అడిగాను ఆ రోజు. నువ్వు రావడం మానేశావు. కోపం రాదూ మరి?"

"కోపం కాదే." అన్నయ్య తెర వంకే చూస్తూ అన్నాడు. "ఎవరు నవ్వినా నాకేం కాలేదు, నువ్వు నమ్మావు కదా అని. నువ్వూ అడిగేసరికి నాకే అనుమానం వచ్చింది. పదేళ్ల పిల్లాణ్ణి, ఏం చూశానో ఏమో, నిజంగానే కోతలు కోశానేమో అనుకున్నాను. ఇవాళ నీకు చూపిద్దామని రాలేదు నేను. ఉందో లేదో నాకు తెలియాలని వచ్చాను."

ఆమె ఆ పెద్ద చెయ్యి పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి చెప్పింది. ఆయన వెంటనే పాత క్యాసెట్ లెక్కలు మళ్లీ తెరిచి చూశారు. ఎవరూ మీట ముట్టుకోని సేపు లెక్కపెట్టే ముక్క ఒకటి క్యాసెట్లో ఉండేదట. దానితో పనేముందని కొత్త ఆటలోంచి ఆయనే తీసేశారట.

"నేను అలలన్నీ సరిచేసి పెట్టాను మాస్టారూ" అంది ఆమె. "నున్నటి అలలు అతుక్కోవు. సముద్రమంతా మళ్లీ గీయాలి."

"గీయండమ్మా" అన్నారాయన. "నేనూ మొదటి నుంచి మొదలుపెడతాను."

తొందరబాబు మాత్రం తల పట్టుకున్నాడు. సోమవారం తేదీ అని అందరికీ చెప్పేశాననీ, ఈసారి ఏ మొహం పెట్టుకుని ఏం రాయమంటారనీ అడిగాడు. తనే రాస్తానంది చెల్లెలు. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, అభిమానులందరూ చదివే చోట రెండే వాక్యాలు టైపు చేసింది.

"విడుదల మళ్లీ వాయిదా పడింది. మా అన్నయ్య చెప్పింది నిజం."

అన్నయ్య అది రెండుసార్లు చదువుకుని, పంపమన్నాడు.