రెండో రీడింగు

దామోదర్ సారుకు ప్రయోగాలంటే పిచ్చి. ఆయన పనిచేసే మక్తల్ దగ్గరి పల్లె హైస్కూల్లో ప్రయోగశాల లేదు. దాని పేరున్న గదిలో విరిగిన బెంచీలు పడేశారు. అయితేనేం, మెట్లున్నాయి కదా అన్నాడాయన. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే తూకం వేసి, కింది నుంచి డాబా మీదికి ఉరికించి, ఫోన్లో టైము చూసి, ఎవరి సామర్థ్యం ఎంతో లెక్కగట్టి బోర్డు మీద రాశాడు. పని ఎంత అన్నదొక్కటే చాలదు, దాన్ని ఎంత తొందరగా చేశామన్నది చూడాలి, అదే సామర్థ్యం అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది పిల్లలకు ఆ ఒక్క పూటలో ఎక్కేసింది.

అందరికంటే దినేశ్‌కు ఎక్కువ వచ్చింది. వాడు కాలర్ ఎగరేసుకుని తిరుగుతుంటే అదే క్లాసు త్రివేణికి ఒళ్లు మండింది.

"సార్, గింత బక్కోడికే గింతొస్తే, బరువున్నోళ్లు ఉరికితే ఇంకా ఎక్కువ రావాలె గద?" అని అడిగింది.

భలే అడిగావమ్మా అని సారు మురిసిపోయి, చుట్టూ చూసి, చివరికి వంటగది వైపు చూశాడు.

వంటగదిలో సోమమ్మ ఉంది. పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. భారీ మనిషి, నోరు కూడా తక్కువదేం కాదు. మొగుడు పోయాక ఆ పొయ్యే ఆమెకు కూడు పెడుతోంది.

"నాకెందుకు సార్ గా ఉరుకుడు! మోకాళ్లు గుంజుతున్నయి. పొయ్యి మీద పప్పున్నది," అంది.

"ఒక్కసారే సోమమ్మా. పిల్లలకు తెలుస్తది."

"రా అవ్వా, రా!" అని పిల్లలు ఒకటే గోల.

సారు ఎప్పుడూ ఉప్పు ఎక్కువైందనో చారు నీళ్లయిందనో అనడానికే ఆమెను పిలిచేవాడు. అలాంటి మనిషి ఇవాళ అందరి ముందూ బతిమాలుతుంటే కాదనలేకపోయింది. తూకం మిషను ఎక్కి దిగి, కొంగు నడుముకు చెక్కి, "జరుగుండ్రి పోరగాండ్లు!" అంటూ ఎక్కేసింది. అబ్బో, ఏం ఎక్కడం! లెక్క కట్టి చూస్తే దినేశ్‌ ఎక్కడో కింద మిగిలాడు. పిల్లలు ఈలలు వేశారు. డాబా మీద పిట్టగోడ పట్టుకుని రొప్పుతూనే సోమమ్మ పకపకా నవ్వింది.

అక్కడితో ఆపితే ఎంత బాగుండేది! కానీ ప్రయోగమన్నాక ఒక్క రీడింగు సరిపోదు, ఇంకోటి తీసి సగటు కట్టాలి. సారు చదువుకున్న నాటి నుంచి నమ్మిన మాట అది. ఆమె కిందికి దిగగానే "ఇంకొక్కసారి సోమమ్మా," అన్నాడు.

"ఆయాసమొస్తాంది సార్. జర కూసోనియ్."

"బెల్లు కొడతరు. గిప్పుడే అయిపోతది, పో."

పోయింది. సగం మెట్ల దగ్గర మోకాలు మడత పడింది. ఆమె దొర్లి కింద పడిన చప్పుడుకు పిల్లల కేకలు ఆగిపోయాయి. వంటగదిలోంచి పప్పు మాడిన వాసన వచ్చింది.

పాలమూరు దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే సోమమ్మ కాలు గురించి ఏడవలేదు. "నా పొయ్యి ఇంకొకలకిస్తరా సార్?" అని ఏడ్చింది.

"నేనున్న గద. నీ జాగా ఎటు పోదు, ఫికర్ చెయ్యకు," అన్నాడు దామోదర్. అన్నప్పుడు నిండు మనసుతోనే అన్నాడు పాపం.

మర్నాడు హెడ్మాస్టర్ రఘుపతి ఆయన్ని పక్కకు పిలిచాడు. "డాబా మీద మిరపకాయలు ఆరబోయ పోయి జారిందందాం. నువ్వు ఉరికిచ్చినవని తెలిస్తే నీ నౌకరి మీదికే వస్తది."

దామోదర్ తలూపాడు. ఆ తల ఊపడంలోనే అంతా అయిపోయింది. కాలు నయమయ్యేదాకా సోమమ్మ చోటు ఆపమని పై అధికారుల్ని అడగాలంటే, ఆమె ఎలా పడిందో కూడా చెప్పాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపేశాడు. ఈలోగా వంటకు నర్సింగమ్మ వచ్చింది, ఇక ఆమెనే ఉంచేశారు. ఆమె వండింది ఆయనా తిన్నాడు. సిగ్గుపడుతూనే తిన్నాడు.

చివరికి ఒకనాడు బత్తాయిలు పట్టుకుని సోమమ్మ ఇంటికి పోయాడు. ఆమె మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది.

"నర్సింగమ్మ మంచిగనే వండుతాందట గద," అంది ఆమే ముందుగా.

తప్పు నాదే అని చెప్పాలని దారి పొడుగునా అనుకున్నవాడు, బత్తాయిలు ఒక్కొక్కటే తీసి మంచం పక్కన పెట్టసాగాడు.

"సార్, ఒకటడుగుత. రెండోసారి నడుమనే పడ్డ గద. గది లెక్కకొస్తదా?"

"రాదు సోమమ్మా."

"మరి మొదటిది?"

"వస్తది. బోర్డు మీద రాసిన. క్లాసు మొత్తంల నీదే ఎక్కువ."

సోమమ్మ ముఖం విప్పారింది. నవ్వింది కూడా. తర్వాత ఏదో ఆలోచిస్తూ చాపిన కాలు వైపు చూసుకుంది.

"గట్లయితే మొదటిదే సాలు గద సార్. మల్లెందుకు ఉరికిచ్చినవ్?"

కోపంతో అడగలేదు. నిజంగా తెలియకనే అడిగింది. సగటు కోసమని చెప్పబోయి, ఆ మాట ఆమె ముందు అనలేక, దామోదర్ సారు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.