దండెం మీద అఫిడవిట్లు

ఉదయం తొమ్మిదిన్నర అయ్యేసరికి అటార్నీ హెర్మీనియో పగున్సాన్ ఒకే ప్రశ్నకి మూడుసార్లు జవాబు చెప్పి ఉండేవాడు. "అటార్నీ, మా ఆయన వదిలేసి వెళ్ళి ఏడేళ్ళు దాటింది. ఇక మా పెళ్ళి రద్దయిపోయినట్టేగా?" అవదు. ఏడేళ్ళు కాదు, డెబ్బై ఏళ్ళు విడిగా ఉన్నా అవదు. మా దేశంలో మాలాంటి క్రైస్తవులకి చట్టంలో విడాకులనేవి లేవు. ఈ ఏడేళ్ళ లెక్క ఎవడు కనిపెట్టాడో తెలియదు గానీ, ఆంటీక్ తీరం పొడుగునా ప్రతి ఆడమనిషికీ, ప్రతి మగవాడికీ అది కంఠతా వచ్చు. కాదంటే లాయరుకే చట్టం తెలియదన్నట్టు చూస్తారు.

ఆ తర్వాత వచ్చేవాళ్ళు, ఊరి పెద్ద ముందు నీ దారి నీది, నా దారి నాది అని సంతకాలు పెట్టుకున్న కాగితం తెచ్చి చూపిస్తారు. చెల్లదు. మా అన్న కంచె మా వైపు ఒక బార జరిపాడు, పీకేయొచ్చా? సందర్భాన్ని బట్టి ఉంటుంది. పక్కింటివాళ్ళ కోడిపుంజు తెల్లారకముందే కూస్తోంది, కేసు పెట్టొచ్చా? పెట్టొచ్చు, పెట్టకపోతే మంచిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇవే. జవాబులు వాటంతటవే నోట్లోంచి వస్తుంటే, ఆయన కిటికీలోంచి ఎదురుగా కోర్టు మెట్ల మీద పడుకున్న కుక్కని చూస్తూ ఉండేవాడు. దాని బతుకే బాగుందని ఆయనకి చాలాసార్లు అనిపించింది.

ఆఫీసంటే జిరాక్సు షాపు పక్కన ఒకటే గది. ఒక బల్ల, ఒక టైపురైటరు, దాని వెనకాల పంతొమ్మిదేళ్ళుగా కూర్చున్న ఫెలీ. గోడ నుంచి గోడకి కట్టిన దండెం, దానికి బట్టల క్లిప్పులు, కింద ప్లాస్టిక్ బేసిను, మూలన తిరిగే ఫ్యాను. ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితంలో అబద్ధం ఉంటే అది తడుస్తుంది కాబట్టి ఆరబెట్టడానికి ఇవన్నీ కావాలి. చిన్న అబద్ధమైతే చెమ్మగిల్లుతుంది. భూమి తగాదా అఫిడవిట్లయితే ధారగా కారతాయి. కోర్టులో గుమాస్తాలు ముడతలు పడ్డ కాగితాలు చూసీ చూడనట్టు తీసుకుంటారు. లేకపోతే మా ఊళ్ళో ఒక్క కేసూ నడవదు.

కనిపించకుండా పోయిన మొగుణ్ణో పెళ్ళాన్నో చనిపోయినట్టు ప్రకటించమనే పిటిషన్ల దగ్గర మాత్రం జడ్జమ్మ గట్టిగా ఉండేది. కొన్నేళ్ళ కిందట ఒక భార్య తెచ్చిన ముడత కాగితాన్ని నమ్మి ఆవిడ ఒకడిని పోయినవాడిగా ప్రకటించింది. మరుసటి వారం వాడు అదే కోర్టుకొచ్చి, తన మోటారు సైకిలు ఎవరి పేరున రాశారని అడిగాడు. అప్పటినుంచి ఆవిడ అలాంటి కాగితాల మీద అరచెయ్యి పెట్టి నిమిరి చూస్తుంది. ఎక్కడైనా గరుకు తగిలితే వెనక్కే.

మెర్లిండా చిక్కు అక్కడే వచ్చింది. ఆమె భర్త నార్సీసో తొమ్మిదేళ్ళ కిందట చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. కూయో దీవి ఒడ్డున అతని పడవ చెక్క ఒకటి దొరికింది, మనిషి దొరకలేదు. పిల్లల్లేరు. నలభై ఏడేళ్ళ మెర్లిండా, డెబ్బై ఎనిమిదేళ్ళ అత్తగారు సాలూద్ తీరం వెంబడి చివరి ఇంట్లో ఉంటూ చేపలు ఎండబెట్టి అమ్ముకునేవాళ్ళు. అత్తగారిని ఆమె మొదటినుంచీ అమ్మా అనే పిలిచేది. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే దాదో ఆమెని పెళ్ళి చేసుకుంటానన్నాడు. అతనికి భార్య పోయి నాలుగేళ్ళయింది. తాగడు, గట్టిగా మాట్లాడడు. పలవాన్ దీవిలో ఫోర్‌మన్ పని దొరికి శనివారం పడవకి వెళ్ళిపోతున్నాడు. ఈలోగా పిటిషన్ వేస్తే అక్కడ ఆమె కోసం ఎదురుచూస్తాడు. వెయ్యకపోతే, ఈ వయసులో ఎదురుచూసే ఓపిక తనకి లేదని ఉన్నమాట చెప్పాడు.

ఈ సంబంధం కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది సాలూదే. దాదోని ఇంటికి పిలిచింది ఆవిడ, కోడల్ని అటార్నీ దగ్గరికి లాక్కొచ్చింది ఆవిడ. సోమవారం మెర్లిండా కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసి సంతకం పెట్టింది. కలం తీసేలోపే కాగితం తడిసింది. బుధవారం మళ్ళీ టైపు చేశారు, మళ్ళీ తడిసింది. అందరికీ విషయం అర్థమైపోయింది. పిచ్చిది, మొగుడు ఇంకా బతికే ఉన్నాడనుకుంటోంది. ఆ ఇంట్లో ఇప్పటికీ రోజూ మూడు కంచాలు పెడతారని చుట్టుపక్కల అందరికీ తెలుసు. జిరాక్సు షాపువాడు కూడా జాలిపడ్డాడు.

గురువారం ముగ్గురూ వచ్చారు. సాలూద్ కుర్చీలో కూర్చుని, దారి పొడుగునా కోడల్ని తిడుతూనే వచ్చానని చెప్పుకుంది. దాదో తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మెర్లిండా బల్ల ముందుకొచ్చి నిలబడింది. అటార్నీకి విసుగొచ్చింది. ఆమె మీద కాదు, దేని మీదో ఆయనకే తెలియదు. ఇంకోసారి అదే కాగితం, అదే ప్రమాణం. ఇవాళ కూడా తడుస్తుంది, ఇవాళ కూడా తనే వీళ్ళకి కాదని చెప్పాలి.

"పైకప్పు కారితే ఎక్కడ కారుతోందో చూస్తాం కదా అటార్నీ," అంది ఫెలీ, టైపురైటరులోంచి తలెత్తకుండా. "మొత్తం ఇల్లు పీకం. వాక్యానికో కాగితం కొట్టనివ్వండి."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ఆలోచన ఆయనకి రాలేదు. సరేనన్నాడు. ఫెలీ ఆరు వాక్యాలు ఆరు కాగితాల మీద కొట్టింది. మెర్లిండా చెయ్యెత్తి ఒక్కో కాగితానికీ ప్రమాణం చేసి సంతకం పెట్టింది. వాటిని వరసగా దండెం మీద తగిలించారు. ఫ్యాను ఆపేసి అందరూ చూస్తూ కూర్చున్నారు.

నార్సీసో నా భర్త. పొడిగా ఉంది. ఫలానా తేదీన వేటకి వెళ్ళాడు. పొడి. మూడు దీవులు వెతికాను. పొడి. అతని నుంచి ఏ కబురూ లేదు. అదీ పొడే. ఐదోది, అతను చనిపోయాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను అన్నది. అటార్నీ లేచి వెళ్ళి దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూశాడు. ఎండిన చేపలా ఫెళఫెళలాడింది.

సాలూద్ ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. ఆవిడకి చదువు రాదు, అయినా అది ఏ కాగితమో తెలిసిపోయింది.

"నమ్ముతున్నావా?" అంది.

"మొదటి ఏడాదే నమ్మేశాను, అమ్మా."

"మరి ఆ కంచం?"

"మీరు పెడుతుంటే కాదనలేకపోయాను."

"నేనా?" అంది ముసలామె. "నువ్వు ఎదురుచూస్తున్నావని కదా నేను పెట్టింది. నా కొడుకు పోయిన సంగతి, వాడు తిరిగి రాని ఆ వారమే నాకు తెలుసు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొమ్మిదేళ్ళు ఒకరి కోసం ఒకరు ఆ కంచంలో అన్నం వడ్డించి, చల్లారాక తీసి కోళ్ళకి వేశారు. సందర్భాన్ని బట్టి ఉంటుందని కూడా అటార్నీ అనలేకపోయాడు.

అప్పుడు బేసినులో చుక్క పడిన చప్పుడు వినిపించింది. ఆరో కాగితం. ఇలాంటి ఏ అఫిడవిట్‌కైనా చివర తగిలించే వాక్యమది. ఫెలీ దాన్ని కళ్ళు మూసుకుని కొడుతుంది, అటార్నీ ఆవలిస్తూ చదువుతాడు. ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, మళ్ళీ పెళ్ళి చేసుకునేందుకు ఈ ప్రకటన కోరుతున్నాను. అది ఆగకుండా కారుతోంది.

గదిలో ఎవరూ దాదో వైపు చూడలేదు. అతనే ముందు నోరు విప్పాడు.

"ఇష్టం లేదని నోటితో చెబితే సరిపోయేది కదా, మెర్లీ."

"మీరు మంచివాళ్ళు," అందామె. "కాదనడానికి నాకు కారణం దొరకలేదు."

అతను టోపీ అంచుని రెండుసార్లు తిప్పి, తల ఊపాడు. కోపం రాలేదు. బహుశా అతనికి కూడా ఎక్కడో తెలిసే ఉంటుంది.

మెర్లిండా అటార్నీ వైపు తిరిగి, ఈ వారంలో మొదటిసారి తన ప్రశ్న తను అడిగింది. పెళ్ళి మాట పక్కన పెట్టి, నార్సీసో చనిపోయాడని మాత్రం కోర్టుతో రాయించుకోవచ్చా అని. దుఃఖానికి గుర్తుగా నల్లబట్ట కట్టుకోవాలని ఉంది, చర్చిలో పూజ చెప్పించాలని ఉంది, శ్మశానంలో ఒక శిలువ మీద అతని పేరు రాయించాలని ఉంది. తొమ్మిదేళ్ళుగా భార్యా కాదు, విధవా కాదు అన్నట్టుంది. అటార్నీ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ దారిన ప్రకటన ఇచ్చేది మళ్ళీ పెళ్ళాడేవాళ్ళకేననీ, ఊరికే కావాలంటే కోర్టు ఎందుకొచ్చావని తిప్పి పంపేస్తుందనీ చెప్పాడు.

"అంటే పెళ్ళికి తయారైతేనే మొగుడు చచ్చిపోయినట్టా?"

"కోర్టు దగ్గర అంతేనమ్మా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి తన వృత్తి మీద సిగ్గేసింది.

సాలూద్ చేతికర్ర నేలకేసి కొట్టింది. ఇదంతా తనకి అనవసరం, పిల్ల పలవాన్ వెళ్ళి తీరాలి అంది. తనకి తమ్ముడి కొడుకులున్నారు, వాళ్ళు చూసుకుంటారు. రేపో మాపో పోయే ముసలిదాని కోసం ఇది ఆ తీరంలో చేపలు తిరగేస్తూ కూర్చోనక్కర్లేదు. కావాలంటే తను ప్రమాణం చేస్తుంది, టైపు చెయ్యండి అంది. అలాంటి కాగితానికి ఏ విలువా ఉండదని అటార్నీ చెప్పాడు. ఆవిడ వినలేదు. ఆయన ఫెలీ వైపు చూశాడు, ఫెలీ కాగితం ఎక్కించింది.

"నా కోడలు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవాలని నేను కోరుకుంటున్నాను," అని ముసలామె చెప్పింది. ఫెలీ కొట్టింది. "నాకు ఆమె అక్కర్లేదు. అది కూడా రాయి."

ఫెలీ అది కూడా రాసింది. ముసలామె కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేసి, వేలిముద్ర వేసింది.

బొటనవేలు ఇంకా కాగితం మీదే ఉంది. నీళ్ళు ముందు బల్లమీదికి వచ్చాయి, టైపురైటరు కిందికి వెళ్ళాయి, అంచు దాటి నేలమీద పడ్డాయి. ఫెలీ బేసిను తెచ్చి పెడితే అది నిండి పొర్లింది. అటార్నీ కేసు కట్టలన్నీ ఎత్తి అలమారా మీద పెట్టాడు. నీళ్ళు గడప దాటి వరండాలోకి వెళ్ళాయి. జిరాక్సు షాపువాడు ఎవరిదో అఫిడవిట్ అనుకుంటూ మిషను ప్లగ్గు పీకి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. రోడ్డు దాటి వచ్చిన నీళ్ళని చూసి కోర్టు మెట్ల మీది కుక్క లేచి ఒక మెట్టు పైకెక్కి పడుకుంది. ఇంత నీరు ఏ భూమి తగాదాలోనూ ఎవరూ చూడలేదు. ఫెలీ ఒక వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా తగిలింది.

సాలూద్ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఈ ఆఫీసులో వాడేది నాసిరకం కాగితం అంది. ఎవరూ కాదనలేదు. మెర్లిండా నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ పావడా అంచు పట్టుకుని పిండింది. ఒకసారి పిండి, మళ్ళీ పిండింది.

"ఇంటికి వెళ్దాం పదండి, అమ్మా. పొద్దెక్కితే చేపలు తిరగేసే మనిషి లేదు."

ముసలామె కర్ర కోడలికిచ్చి, ఆమె భుజం పట్టుకుని లేచింది. దాదో పక్కకి తప్పుకుని, వాళ్ళు గడప దాటేటప్పుడు ముసలామె రెండో చెయ్యి పట్టుకుని నీళ్ళు దాటించాడు. శనివారం పడవ దగ్గరికి ఇద్దరూ వచ్చి, అరిటాకులో చుట్టిన తీపి అన్నం అతనికి దారికి ఇచ్చారు.

వాళ్ళు వెళ్ళాక అటార్నీ ప్యాంటు మడిచి, ఫెలీతో పాటు తనూ నేల తుడిచాడు. ఇంకా తడి ఆరకముందే ఒక లావుపాటావిడ చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. తన మొగుడు వెళ్ళిపోయి ఏడేళ్ళయిందని మొదలుపెట్టింది. అవదు అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"అవునూ, మీకు ఏం కావాలి?" అన్నాడు.

ఆవిడ కంగారుపడింది. ఆ మాట ఏ లాయరూ అడగలేదు, అందుకని తన కేసు మరీ పాడైపోయిందనుకుంది. అటార్నీ కుర్చీ జరిపి, కూర్చుని చెప్పమన్నాడు. అప్పుడు ఆయన కిటికీవైపు చూడలేదు.

ఆ సాయంత్రం తీరం చివరి ఇంట్లో మెర్లిండా అన్నం వండింది. సాలూద్ అరుగు మీంచి లేచి వెళ్ళి కంచాలు తీసింది. ఒకటి కోడలికి, ఒకటి తనకి. మూడోది చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. కోర్టు ఏమీ చెప్పలేదు, ఏ కాగితం మీదా ఏ ముద్రా పడలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ నార్సీసో కోసం పెద్దగా ఏడ్చారు. పక్కింటివాళ్ళు విని, రేడియో కట్టేశారు. తర్వాత సాలూద్ మూడో కంచం కడిగి, పావడా అంచుతో తుడిచి, అలమారాలో బోర్లించింది.